భీష్మతర్పణము - వీరస్మరణము

మాఘ శుద్ధ అష్టమి భీష్మాష్టమి. ఆనాడు భీష్మాచార్యునకు తర్పణము విడుచుట మన సంప్రదాయము. తండ్రి జీవించియున్నవారు సైతము ఇందుకు అర్హులని పెద్దలు చెప్పుదురు. ఆజన్మ బ్రహ్మచారియై సంతానము లేని ఆ మహనీయునకు లోకమంతయు సంతానమై నీరు విడుచుచున్నది.

ఇందొక విశేషము కలదు. భీష్ముడు పాండవుల పక్షమున పోరాడినవాడు కాడు. కౌరవుల యన్నము తిన్న ఋణము తీర్చుటకై వారి సేనకు నాయకుడై నిలిచెను. అయినను అంపశయ్యపై నున్న ఆ భక్తుని ముఖముననే శ్రీకృష్ణ పరమాత్మ ధర్మరాజునకు ధర్మములు చెప్పించెను. విష్ణుసహస్రనామము మనకు లభించినది అచ్చటనే. ఆయన ఎవరిపై బాణములు వేసెనో ఆ పాండవులే ఆయనకు అంత్యసంస్కారము చేసి గంగలో ఉదకదాన మొనర్చిరి. పుత్రశోకమున విలపించిన గంగామాతను స్వామియే ఓదార్చెను.

1914లో మొదలైన ప్రపంచ యుద్ధమునకు పది లక్షలకు మించిన భారతసైనికులు సముద్రములు దాటి వెళ్లిరి. భారతీయులను నిర్బంధముగ సైన్యమున చేర్చు చట్టమేదియు నాడు లేదు. వంశాచారముగ కొందరు, కుటుంబ పోషణకై కొందరు చేరిరి. అధికారుల ఒత్తిడికి లోబడినవారును లేకపోలేదు. వారిలో డెబ్బది వేలకు పైగా తిరిగి రాలేదు.

గాయపడిన మన సైనికులకు ఇంగ్లండులోని బ్రైటన్ రాజభవనము ఆసుపత్రి యయ్యెను. అచ్చట వారి వారి ఆచారముల ననుసరించి వంటశాలలు వేర్వేరుగ ఏర్పరచిరి. ఆ పట్టణమున కన్నుమూసిన హిందూ, సిక్కు సైనికులలో 53 మందికి సమీపమున నున్న కొండపై దహనసంస్కారము జరిగినది. కర్మ చేయవలసిన కుమారులు వేల మైళ్ల దూరమున నుండగా స్వమతస్థులే ఆ కార్యము నెరవేర్చిరి. అస్థికలను సముద్రమున కలిపిరి. ఆ స్థలముననే 1921 ఫిబ్రవరి 1వ తేదీన పాలరాతి ఛత్రి ఆవిష్కృతమైనది. 2010లో వారి పేర్లు చెక్కిన శిలాఫలకము దాని చెంత వెలసినది. ఏటేట జూన్ నెలలో జనులచ్చట చేరి పుష్పములుంచి నమస్కరింతురు.

పరప్రభుత్వము కొరకు పోరాడినవారిని స్మరింపనేల అని కొందరు శంకింతురు. భీష్మాష్టమియే దానికి సమాధానము. ఏ పక్షము న్యాయమైనదో చరిత్ర విచారించును. తర్పణము మాత్రము ఆ ప్రశ్న వేయదు. ఇచ్చిన మాటకై ప్రాణము విడిచినవానికి, నీరు విడుచు బిడ్డలు చెంతలేనివానికి మిగిలినవారెల్లరు బంధువులే.

భీష్మాష్టమినాడు దోసిట నీరు పట్టినప్పుడు దూరదేశములలో ఒరిగిన ఆ వీరులను కూడ ఒక్క క్షణము తలచుకొందము గాక. వారి పేర్లు మనకు తెలియకపోవచ్చును. వేయినామముల స్వామి వారిని ఎరుగును.