లైటు వెయ్యమని ఎవరిని అడగాలి?

వరుసకు నాకు అక్క అయ్యే ఒకామె ఫిరంగిపురం దగ్గరి పల్లెలో యాభై ఏళ్లు కాపురం చేసి, బావగారు పోయిన తరువాత హైదరాబాదులో కొడుకు దగ్గరకు చేరింది. మొన్నామధ్య పనిమీద ఆ ఊరు వెళ్లినవాణ్ణి, ఒక సాయంత్రం ఆమెను చూసి వద్దామని వాళ్ల ఫ్లాటుకు వెళ్లాను. తలుపు తీసింది. లోపలంతా చీకటి. కరెంటు పోయిందేమో అనుకున్నాను; కాని నేను లిఫ్టులోనే వచ్చానాయె, మెట్ల దగ్గర లైటు వెలుగుతూనే ఉంది.

"ఇదేమిటక్కా, చీకట్లో కూర్చున్నావు? లైటు వెయ్యి" అన్నాను.

"వెయ్యడం నా చేతిలో లేదు తమ్ముడూ. అబ్బాయి రావాలి" అంది.

గోడను తడిమితే స్విచ్చులు చేతికి తగిలాయి. వాటి మీద టేపు అంటించి ఉంది.

సంగతేమిటంటే, మా మేనల్లుడు ఇంట్లో బల్బులన్నీ మార్చాడు. నోటితో చెబితే వెలిగే బల్బులు. హాల్లో టీవీ పక్కన గుండ్రటి చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని పేరు పెట్టి పిలిచి ఫలానా గదిలో లైటు వెయ్యమంటే వేస్తుంది, ఆర్పమంటే ఆర్పుతుంది. అయితే ఈ బల్బులకు ఒక షరతుంది. గోడమీది స్విచ్చు ఎప్పుడూ వేసే ఉంచాలి. స్విచ్చు కట్టేస్తే బల్బుకు కరెంటు అందదు, కరెంటు అందని బల్బుకు ఎవరి ఆజ్ఞా చేరదు. అక్కకేమో గదిలోంచి బయటకు వస్తూ స్విచ్చు కట్టేయడం ఏనాటి నుంచో ఉన్న అలవాటు. నాలుగుసార్లు చెప్పి చూశాడు, ఐదోసారి టేపు తెచ్చాడు.

"కరెంటు దండగ చెయ్యకూడదని వాడికి నేర్పింది నేనేరా" అని నవ్వింది. ఆ నవ్వు వెనుక ముఖం ఎలా ఉందో చీకట్లో నాకు కనబడలేదు.

"పోనీ, ఆ పెట్టెకు నువ్వే చెప్పకపోయావా?"

"చెప్పాను. అమ్మాయీ, కాస్త లైటు వెయ్యమ్మా అన్నాను. పలకలేదు. ఇంగ్లీషులో చెప్పాలంట."

మేనల్లుడు మంచివాడు, ఆ మాట ముందే చెప్పాలి. తల్లి రాత్రిపూట బాత్రూముకు లేచి చీకట్లో పడిపోతుందేమోనన్న భయంతోనే ఈ ఏర్పాటంతా మొదలుపెట్టాడు. ఏడు గంటలకు వచ్చి, చెప్పులు విప్పుతూనే మూడు ఇంగ్లీషు ముక్కలు అన్నాడు. ఇల్లంతా ఒక్కసారి వెలిగింది. నేను ముచ్చటపడలేదంటే అబద్ధమవుతుంది. మాటతో వెలుగును పుట్టించడమనేది బైబిలు మొదటి పుటలో దేవుడు చేసిన పని కదా! ఇప్పుడు అది చెప్పులు విప్పుతూ చేసే పని అయింది.

ఆ మాట ఎంత దూరం పోయి వస్తుందో ఒకసారి ఆలోచించండి. తన పేరు వినబడేదాకా పెట్టె మన మాటలను తనలో తానే గమనిస్తూ ఉంటుంది. పేరు వినబడగానే తరువాతి మాటను ఇంటర్నెట్టు ద్వారా కంపెనీవారి కంప్యూటర్లకు పంపిస్తుంది. అక్కడ మాట అక్షరాలుగా మారి, అక్షరాలు ఆజ్ఞగా మారి, చాలాసార్లు బల్బు తయారుచేసిన మరో కంపెనీ కంప్యూటర్ల మీదుగా తిరిగి మన ఇంటికి చేరుతుంది. తల మీద వేలాడే బల్బుకు కబురు ఊళ్లు దాటి వెళ్లి వస్తుందన్నమాట. ఇదంతా రెప్పపాటు పని కాబట్టి మనకు తెలియదు. తెలిసే రోజులు కూడా వస్తాయి. 2021 డిసెంబరు 7న అమెరికాలో అమెజాన్ వారి కంప్యూటర్ కేంద్రాలలో అంతరాయం వస్తే, మళ్లీ 2025 అక్టోబరు 20న అలాంటిదే వస్తే, అలెక్సాను నమ్ముకున్న ఎన్నో ఇళ్లలో పిలిస్తే పలికే దిక్కు లేకపోయింది.

అయినా నన్ను పట్టుకున్న విషయం అది కాదు. మనం తెలుగువాళ్లం. తెలుగులో ఒక పని చెప్పాలంటే ఎదుటివారు మనకు ఏమవుతారో ముందు నిర్ణయించుకోక తప్పదు. లైటు వెయ్యి, వెయ్యవే, వెయ్యరా, వెయ్యమ్మా, వెయ్యండి, వేస్తారా, కాస్త వేసిపెడతావా. ప్రతి మాటలోనూ ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషికీ మనకూ ఉన్న వరుస ఉంది, వయసు ఉంది, చనువు ఉంది, ఒక్కొక్కప్పుడు అవమానం కూడా ఉంది. ముఖం లేని ఆజ్ఞ మన భాషలో లేదు. అక్క ఆ పెట్టెను "అమ్మాయీ" అనడం అమాయకత్వమని మనుమరాలు పడిపడి నవ్వింది. గొంతు వినబడితే మనిషి ఉన్నారనుకోవడం, ఉన్న మనిషికి వరుస కలపడం అక్కకు పుట్టుకతో వచ్చినవి. అందులో నవ్వవలసింది నాకేమీ కనబడలేదు.

ఆ మనుమరాలికి ఏడేళ్లు. పెట్టెతో గడగడా మాట్లాడుతుంది. లైటు, పాట, ఫ్యాను, మళ్లీ లైటు. కాసేపటికి దాహమైంది. వంటింట్లో గిన్నెలు తోముతున్న పనావిడను పేరుపెట్టి పిలిచి "వాటర్!" అంది. ఒక్క ముక్క. పెట్టెతో అన్న గొంతే. ఆవిడకు యాభై ఏళ్లుంటాయి. చేతులు తుడుచుకుని గ్లాసు తెచ్చి ఇచ్చింది. పిల్ల తాగేసి గ్లాసు అలాగే చాపింది. అక్క చూస్తూ ఊరుకోలేదు. "పెద్దమ్మా, కాసిని మంచినీళ్లిస్తావా అని అడగాలే" అంది. "ఎందుకు? ఇచ్చిందిగా!" అంది పిల్ల.

ఈ నేరమంతా పెట్టె మీద తోసేస్తే మనకు సుఖంగా ఉంటుంది, కాని న్యాయం కాదు. పెట్టె రాకముందు మన పెరళ్లలో పనివాళ్లను మనం ఏమని పిలిచాం? ఇంకా వెనక్కు వెళదాం. ఈ పత్రిక చదివే కుటుంబాలలో ఎంతోమంది తాతలు, ముత్తాతలు ఆసాముల వాకిళ్లలో నిలబడి "ఒరే", "ఒసే" అనిపించుకున్నవారే. వయసులో మనుమడంతటి కుర్రవాడు ఏకవచనంలో పని పురమాయిస్తే, తలవంచి "అయ్యా" అనవలసి వచ్చినవారే. ఆ పిలుపు ఎంత లోతుగా దిగుతుందో మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. అలాంటి ఇళ్ల పిల్లలు కదా ఇవాళ గిన్నెలు తోమే ఆవిడను ఒక్క ముక్కతో పిలుస్తున్నారు!

మరి యంత్రంతో మర్యాదగా మాట్లాడమని పిల్లలకు నేర్పితే సరిపోతుందా? కంపెనీలకు ఆ ఆలోచన ముందే వచ్చింది. పిల్లలు ఇంగ్లీషులో మర్యాద మాట చేర్చి అడిగితే యంత్రం మెచ్చుకునే ఏర్పాటును అమెజాన్, గూగుల్ రెండూ 2018లోనే ప్రకటించాయి. దీన్ని సమర్థించేవారు చెప్పే వాదన పాతదే. మూగజీవాల పట్ల క్రూరంగా ఉండేవాడు క్రమేణా మనుషుల పట్లా క్రూరుడవుతాడని 13వ శతాబ్దంలోనే పునీత తోమాస్ అక్వినాస్ రాశారు. నోరు ఏ తీరుకు అలవాటుపడితే మనసూ ఆ తీరుకే అలవాటుపడుతుంది. వాటికన్‌వారు 2025 జనవరి 28న కృత్రిమ మేధ మీద వెలువరించిన "ఆంతిక్వా ఎత్ నోవా" అనే పత్రంలో కూడా, పిల్లలు యంత్రంతో మెలిగే తీరునే మనుషులతోనూ అలవాటు చేసుకునే ప్రమాదం ప్రస్తావనకు వచ్చింది. ఈ సహాయక యంత్రాలకు ముందునుంచీ ఆడగొంతే పెట్టడం, చెప్పిందల్లా చేసేది ఆడదేనన్న భావాన్ని బలపరుస్తుందని 2019లో యునెస్కో నివేదిక అన్న మాటనూ ఇక్కడే గుర్తుచేసుకోవాలి.

అయినా పెట్టెకు దండం పెట్టించడం నాకు ఇష్టం లేదు. మూగజీవానికి నొప్పి ఉంది, పెట్టెకు లేదు. అక్కడ ఎవరూ లేరు. ఎవరూ లేనిచోట మర్యాద చూపడం నేర్పితే, మర్యాద అనేది పని జరగడానికి నొక్కే ఇంకొక మీట అని పిల్ల అనుకోదా? పెట్టెకు ముక్తసరిగానే చెప్పనివ్వండి. గిన్నెలు తోమే ఆవిడ దగ్గర మాత్రం ఆ ఒక్క ముక్కను సాగనివ్వకూడదు. అందుకు ఇంట్లో ఒక పెద్దమనిషి అక్కలాగా అడ్డుపడాలి. పెట్టె ఆ పని చేయలేదు.

ఆజ్ఞాపించడానికి అలవాటుపడ్డ మనిషి ఒకడు సువార్తలో ఉన్నాడు. శతాధిపతి. పొమ్మంటే పోయేవాళ్లు, రమ్మంటే వచ్చేవాళ్లు తన కింద ఉన్నారని తానే చెప్పుకున్నాడు. దివ్యసత్ప్రసాదం స్వీకరించే ముందు మనం చెప్పుకునే మాటలు ఆయనవే. నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది వేరే సంగతి. అంత అధికారం ఉన్నవాడు ప్రభువు దగ్గరకు వచ్చింది తన పని మీద కాదు. పక్షవాతంతో ఇంట్లో పడి ఉన్న సేవకుని కోసం. పిలిస్తే పలికే ఆ నౌకరు మంచాన పడ్డాక, వాడి బాధ యజమానికి తెలిసింది. పెట్టె పాడైతే మనం ఇంకొకటి కొంటాం.

పక్షవాతం అన్నాను కాబట్టి మా విచారణలోని ఒక పెద్దాయన గురించి చెప్పాలి. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయి మూడేళ్లు. కూతురు ఇలాంటి పెట్టె, రెండు బల్బులు పంపింది. ఆయన రైల్వేలో చేసిన మనిషి, నాలుగు ఇంగ్లీషు మాటలు తెలుసు. పడిపోయిన నోటితోనే ఎలాగో పలుకుతాడు, అది వింటుంది. ఆయన భార్యను అడిగాను. "ఇదివరకు రాత్రికి మూడుసార్లు లేపేవారండీ. లైటు వెయ్యి, ఆర్పు, వెయ్యి. లేపినందుకు ఆయన బాధపడేవారు, విసుక్కున్నందుకు నేను బాధపడేదాన్ని. ఇప్పుడు ఇద్దరికీ నిద్ర పడుతోంది" అంది. కాసేపాగి, "ఒక్కోరాత్రి నాకే మెలకువ వచ్చి, పిలవలేదేమిటా అని చూస్తాను" అంది.

నోటితో లైటు వేసుకోవడం సోమరితనమనీ, పోయేకాలమనీ అనేవారు ముందుగా ఆ మంచం పక్కన ఒక రాత్రి కూర్చోవాలి. ఇతరుల మీద ఆధారపడి బతకడంలోనూ ఒక కృప ఉన్నదని ప్రసంగాలలో వింటాం, నిజమే. కాని చీకటి భయం వేసినప్పుడల్లా నిద్రపోయే భార్యను లేపవలసి రావడం కృప అని ఆరోగ్యంగా ఉన్న నేను ఎలా చెప్పను? ఆ పెట్టె ఆయనకు తన చేతిని కొంతైనా తిరిగి ఇచ్చింది. ఇక్కడ మా అక్కకు ఉన్న చేతినే తీసేసింది. రెండిళ్లలోనూ యంత్రం ఒకటే. అక్కడ కూతురు తండ్రికి వచ్చిన మాటలేమిటో, ఏ చెయ్యి పనిచేస్తుందో చూసి పంపింది. మేనల్లుడు తల్లి పడిపోతుందని భయపడ్డాడు గాని, ఆమెకు ఏ భాష వచ్చో ఆలోచించలేదు. 2017లో మన దేశానికి వచ్చిన అలెక్సా హిందీ నేర్చుకోవడానికే 2019 దాకా పట్టింది. వాళ్ల పెట్టెకు అక్క తెలుగు రాదు. తల్లి భాష అర్థంకాని నౌకరును కొడుకు ఇంట్లో పెట్టి, ఇంటి తాళాలు వాడి చేతికిచ్చినట్టయింది.

రాత్రి భోజనాల తరువాత అక్క మెల్లగా నన్నడిగింది: "మనం జపమాల చెప్పుకుంటే అదీ వింటుందా?" కీర్తనకారుడు వెక్కిరించిన విగ్రహాలకు చెవులుండి కూడా వినవు, దీనికి చెవులు కనబడవు గాని వింటుంది. ఇలాంటి యంత్రాలు రికార్డు చేసిన మాటలలో కొన్నింటిని వాటిని మెరుగుపరచడానికి ఉద్యోగులు వింటున్నారని 2019లో పత్రికలలో వచ్చింది. పిల్లల గొంతులను చట్టానికి విరుద్ధంగా దాచి ఉంచారన్న అభియోగం మీద అమెజాన్ 2023లో అమెరికా ప్రభుత్వానికి 2.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నది. కొన్ని పరికరాలలో మాటను బయటకు పంపకుండా ఆపుకునే వీలుండేది, అది కూడా 2025 మార్చి 28తో పోయింది. ఇవన్నీ చెప్పి ఆమెను భయపెట్టడం ఎందుకని, "పేరు పిలిస్తేనే వింటుందిలే. ఒక్కోసారి పిలవకపోయినా పిలిచారనుకుంటుంది" అన్నాను. "అయితే మన చిన్నదాని లాంటిదే" అంది.

పడుకోబోయే ముందు మేనల్లుడు మామూలుగా అన్ని లైట్లూ ఆర్పమన్నాడు. ఇల్లు చీకటైంది. తిరుహృదయ పటం ముందున్న ఎర్రబల్బు కూడా ఆరిపోయింది. ఆ పటం అక్క పెళ్లినాటిది, పల్లెనుంచి గుడ్డలో చుట్టి తెచ్చుకున్నది. దాని ముందు దీపం రాత్రంతా ఉండాలి. ఆ ఎర్రబల్బును కూడా మార్చానన్న సంగతి వాడికే గుర్తులేదు. అక్క ఏమీ అనలేదు. "అయ్యో" అని వాడే మళ్లీ వేయించాడు. నేను వచ్చినప్పటినుంచి గొంతులో ఉన్న మాట అప్పుడు అడిగాను: "ఏరా, చేత్తోనూ నోటితోనూ రెండు విధాలా వేసుకునే ఏర్పాటు లేదా?"

"ఉంది మామయ్యా. స్విచ్చుబోర్డు వెనక ఒక చిన్న పరికరం పెట్టించాలి. బోర్డులో న్యూట్రల్ వైరు లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి లాగించాలి. వాయిదా వేస్తూ వచ్చాను" అన్నాడు. టేపు వైపు చూడకుండా అన్నాడు.

పదిహేను రోజుల తరువాత అక్క ఫోను చేసింది. వైరు లాగించాడట, టేపు పీకేశాడట. "ఎర్రబల్బు మాత్రం పాతదే పెట్టించుకున్నాను. దానికి చెవులు వద్దన్నాను" అంది. పెట్టె ఇంకా హాల్లోనే ఉందట. జపమాల వేళకు దానిమీద తువ్వాలు కప్పుతోందట. కప్పితే వినబడదు కదా అని అడిగింది. వినబడుతుంది, ప్లగ్గు తీసెయ్యాలి అన్నాను.

"ప్లగ్గు ఎక్కడుందో చిన్నదాన్ని అడుగుతానులే" అంది.