ఎర్రగుడి రాతిమీది యుద్ధపు లెక్క

యుద్ధం తర్వాత దేశం మునుపటికన్నా బాగుపడుతుందా అన్న ప్రశ్నకు, గెలిచిన రాజే చెక్కించిన జవాబు కర్నూలు జిల్లాలో ఉంది. కర్నూలును ఆనుకున్న కల్లూరుకు నైరుతిగా, పత్తికొండ నుంచి గుత్తికి పోయే దారిలో, జొన్నగిరి దగ్గర ఎర్రగుడి గుండ్లమీద అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ, వాటితోపాటు చిన్న శాసనాలూ ఉన్నాయి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికీ, మళ్లీ కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి, మడక సాలు తిరిగినట్టు.

పదమూడో శాసనం కళింగ యుద్ధం గురించి. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు అశోకుడు కళింగను జయించాడు. లక్షన్నర మందిని అక్కడినుంచి తరలించుకుపోయారు, లక్షమంది హతమయ్యారు, అంతకు ఎన్నో రెట్లమంది చనిపోయారు. ప్రాచీన కాలపు రాజులు తమ శాసనాల్లో శత్రువుల తలలు లెక్కపెట్టింది గొప్ప కోసం. ఇక్కడ అదే లెక్క పశ్చాత్తాపంగా చెక్కారు. దెబ్బ తగలకుండా బతికినవాళ్ల సంగతి కూడా శాసనం మరచిపోలేదు. తాను క్షేమంగా ఉన్నా స్నేహితులకూ చుట్టాలకూ కీడు జరిగితే అది తనకు జరిగిన కీడేనని చెబుతుంది. యుద్ధనష్టం గురించి ఇంత సూక్ష్మంగా ఆలోచించిన పాలకులు చాలా తక్కువ.

ఈ శాసనం ఎర్రగుడిలో ఉంది గాని కళింగలో లేదు. కళింగలోని ధౌలిలోనూ జౌగడలోనూ దాన్ని వదిలిపెట్టి, అక్కడి అధికారులను ఉద్దేశించి వేరే శాసనాలు చెక్కించారు. ప్రజలందరూ తన బిడ్డలేననీ, ఎవరినీ అన్యాయంగా చెరలో పెట్టొద్దనీ వాటిలో ఉంది. పోయినవాళ్ల లెక్క కళింగవాసులకు రాయిమీద చూపించనక్కర లేదు, అది వాళ్ల ఇళ్లలోనే ఉంది.

అయినా ఒక వాదం మిగిలే ఉంది. ఆ యుద్ధం లేకపోతే అశోకుడు మారేవాడు కాదు. బావులు, దారుల వెంట చెట్లు, మనుషులకూ పశువులకూ వైద్యం, ఇవన్నీ వచ్చేవి కావు. కాబట్టి చివరికి మేలే జరిగిందని కొందరంటారు. దీనికి సమాధానం కూడా ఎర్రగుడిలోనే ఉంది. రెండో శాసనంలో ఆ వైద్యమూ ఆ మూలికలూ ఎక్కడెక్కడికి అందాయో చెప్పారు: చోళులకు, పాండ్యులకు, సతియపుత్ర, కేరళపుత్రులకు, తామ్రపర్ణికి, ఆవల యవనరాజు అంతియోకుడి దేశానికి. వీళ్లెవరితోనూ అశోకుడు యుద్ధం చేయలేదు. కత్తి దూయని చోటికి అందిన మేలును కత్తి ఖాతాలో రాయడం కుదరదు. మారింది రాజు మనసు. కళింగ దానికి మూల్యం చెల్లించింది, అంతే. పైగా అశోకుడు కళింగను తిరిగి ఇవ్వలేదు. అదే పదమూడో శాసనంలో అడవిజాతులను హెచ్చరించాడు కూడా. పశ్చాత్తాపం నిజమే, కానీ గెలుచుకున్నది చేతిలోనే ఉంచుకున్న పశ్చాత్తాపం అది.

యుద్ధాన్ని సమర్థించేవాళ్లు తరచు భగవద్గీతను ముందు పెడతారు. నిజానికి ఫలితాల లెక్క తీసేది అర్జునుడే: కులం నాశనమవుతుంది, ధర్మం చెడుతుంది, అలాంటి రాజ్యం ఎందుకు అంటాడు. కృష్ణుడు దానికి బదులుగా, యుద్ధం తర్వాత దేశం సుభిక్షమవుతుందని మాట ఇవ్వడు. లాభనష్టాలను సమంగా చూసి కర్తవ్యం చేయమంటాడు. అంటే లాభం కోసం యుద్ధమనే వాదానికి గీతలో గట్టి ఆధారం లేదు. మహాభారతంలో తిక్కన తెలుగు చేసిన పర్వాల్లోనే స్త్రీల ఏడుపూ, గెలిచిన ధర్మరాజు రాజ్యం వద్దని అడవికి పోతాననడమూ ఉన్నాయి. అంపశయ్యమీద భీష్ముడు చెప్పిన రాజధర్మంలో, పువ్వు నలగకుండా తేనె తీసినట్టు పన్ను తీసుకోవాలన్న మాట ఉంది. అది యుద్ధం నేర్పిన పాఠం కాదు. యుద్ధానికి ముందు నిండు సభలోనూ చెప్పదగినదే, వినదగినదే.

యుద్ధం మేలు చేస్తుందనే వాదానికి రాయలసీమ చరిత్ర మరో పరీక్ష. 1792, 1799 మైసూరు యుద్ధాల్లో నిజాముకు వచ్చిన బళ్లారి, కడప ప్రాంతాలను ఆయన 1800లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబుల కిందే ఉంది. అలా ఇచ్చిన దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో దాదాపు ఎనభైమంది పాలెగాళ్లను అణచి, పొలం పొలం కొలిపించి, రైతువారీ శిస్తు పెట్టాడు. దోపిడీ తగ్గింది, దారులు నడవదగినవయ్యాయి. అది చిన్న మేలు కాదు. కానీ శిస్తు ఎంత బరువో మన్రోకే తెలుసు, 1807లో నాలుగో వంతు తగ్గించాలని రాశాడు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంపెనీమీద తిరగబడ్డాడు, మరుసటి ఏడు కోవెలకుంట్లలో ఉరితీశారు. 1876-78 కరువులో ఈ సీమ ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. పాలెగాళ్లు పోయినంత మాత్రాన వాన పడలేదు. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి తవ్విన కర్నూలు-కడప కాలువ వల్ల కొంత నేల తడిసింది, దాన్ని తవ్వడానికి ఎవరిమీదా దండెత్తలేదు.

ఇంకో అభ్యంతరాన్ని మాత్రం కొట్టిపారేయడానికి వీల్లేదు. 1945లో నాజీ పాలన యుద్ధంతోనే కూలింది, 1971లో బంగ్లాదేశ్ యుద్ధంతోనే విముక్తమైంది. మీదికి వచ్చినవాణ్ని ఆపకపోతే చావులు ఇంకా పెరిగే సందర్భాలుంటాయి. అక్కడ కూడా యుద్ధం చేసింది అంతకన్నా పెద్ద కీడును ఆపడమే. తర్వాతి జర్మనీ, జపాన్ సంపద శాంతికాలపు రాజ్యాంగాల నుంచి, బడుల నుంచి, కర్మాగారాల నుంచి వచ్చింది. కీడు ఆగడమూ మేలు కలగడమూ ఒకటి కావు. ఆ తేడా చెరిపేస్తే ప్రతి దండయాత్రకూ తర్వాత వచ్చిన ఏదో ఒక వంతెన సాక్ష్యం చెబుతుంది.

ఎర్రగుడి శాసనం మేలు ఎంతో కీడు ఎంతో తూకం వేయదు. కళింగలో చచ్చినవాళ్లలో నూరో వంతో, వెయ్యో వంతో ఇప్పుడు ఆ కష్టం పడినా తనకు భారమేనని రాజు అంటాడు. కొడుకులూ మనుమలూ కొత్త విజయాలు తలపెట్టకూడదని కోరుతూనే, ఒకవేళ తలపెడితే ఓర్పుతో, తేలికపాటి దండనతో సరిపెట్టుకోమని కూడా చెక్కించాడు.