వెయ్యి గుడ్లు, రెండు గుడ్లు: వినత ఎందుకు తొందరపడింది?

కాజీపేట నుంచి హైదరాబాద్ వెళ్లి ఉద్యోగం చేసుకుంటున్న ఒక చెల్లెమ్మ అడిగింది: "అన్నయ్యా, మాకు ఒక్క పాప. చాలనుకున్నాం. గంపెడు పిల్లలుంటేనే వంశం నిలుస్తుందని ఇంట్లో పెద్దలు రోజూ అంటున్నారు. ఆపేయడం పాపమా?"

ముందు మన చెరువు చేపల్ని చూద్దాం. రవ్వు చేప వరద నీటిలో లక్షల గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కి చూడదు. ఎన్ని బతికితే అన్ని. మన రాష్ట్ర చేప కొర్రమీను అలా కాదు. వేలల్లోనే పెడుతుంది, కానీ నాచు పక్కకి నెట్టి గూడు చేసుకుని, పిల్లలు ఈదేదాకా కాపలా కాస్తుంది. ఏనుగైతే 22 నెలలు మోసి ఒక్క గున్నని కంటుంది. తల్లి దగ్గరున్న శక్తి ఒక్కటే. ఎక్కువమందికి పంచితే ఒక్కొక్కరికీ తక్కువ వస్తుంది. పక్షులు తాము మేపగలిగినన్ని పిల్లలకు సరిపడానే గుడ్లు పెడతాయని 1947లో డేవిడ్ లాక్ అనే శాస్త్రవేత్త రాశాడు.

ఇదే లెక్క ఆదిపర్వంలో ఉంది! కశ్యపుడు వరం కోరుకోమంటే కద్రువ వెయ్యిమంది నాగుల్ని అడిగింది. వినత ఇద్దరినే అడిగింది, కానీ వాళ్లకంటే బలవంతులు కావాలంది. ఐదు వందల ఏళ్లకి కద్రువ గుడ్లన్నీ పగిలి పిల్లలొచ్చేశారు. వినత గుడ్లు కదల్లేదు. అక్క ఇల్లు కళకళలాడుతోంది, తనది బోసిగా ఉంది. ఆగలేక ఒక గుడ్డు పగలగొట్టేసింది. నడుము కింద శరీరం ఏర్పడని అరుణుడు బయటికొచ్చి, దాసివి కమ్మని తల్లినే శపించాడు. రెండో గుడ్డునైనా ఇంకో ఐదు వందల ఏళ్లు ముట్టుకోకు, వాడే నిన్ను విడిపిస్తాడని చెప్పి, సూర్యుడి రథం తోలడానికి వెళ్లిపోయాడు. ఈసారి వినత ఆగింది. గరుత్మంతుడు పుట్టాడు, అమృతం తెచ్చి తల్లి దాస్యం తీర్చాడు.

కద్రువ తప్పు చేసిందనడం లేదు నేను. భూమిని మోసే ఆదిశేషుడు ఆమె కొడుకే. కాకపోతే గుర్రం తోక నల్లగా చేయమంటే వినలేదని, సర్పయాగంలో పడి చావండని సొంత పిల్లల్నే శపించింది. వెయ్యిమంది ఉన్న తల్లి కాబట్టి అంత తేలిగ్గా నోరు జారిందేమో, నాకలా అనిపిస్తుంది.

కాబట్టి చెల్లెమ్మా, పాపం ఏమీ లేదు. పెద్దలకి ఈ కథ చెప్పు. కానీ నీ ప్రశ్నలో ఇంకో మాట కూడా ఉంది: పాపకి నాలుగేళ్లే, అప్పుడే ఒలింపియాడ్ కోచింగ్ చూస్తున్నామన్నావు. ఒక్కరే ఉన్నప్పుడు ఆశంతా ఆ ఒక్కరి మీదే పడుతుంది, చేతులు ఊరుకోవు. వినతకి జరిగింది అదే. ఆ కోచింగ్ ఇప్పుడే వద్దు తల్లీ. ఈసారి కాజీపేట వచ్చినప్పుడు పాపని శ్వేతార్క గణపతి గుడికి తీసుకెళ్లు, కాసేపు ఆడుకోనివ్వు.