మరుగు ఎవరికి దగ్గర?

అందరినీ సమానంగా చూడటం అంటే ఏమిటి? అందరికీ ఒకటే ఇవ్వడమా, ఎవరికి ఏది అవసరమో అది ఇవ్వడమా, ఎవరు ఎంత చెల్లిస్తే అంత ఇవ్వడమా? రాజ్యం గురించీ కుటుంబం గురించీ మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్నను చాలాసార్లు వేసుకున్నాం. దీన్నే ఒక చిన్న జాగాలో పెట్టి చూడాలని నా ప్రయత్నం. సెలవుల్లో జనం వెళ్లి ఒక రాత్రి పడుకుని వచ్చే క్యాంపింగ్ స్థలం ఆ జాగా.

తత్వవేత్త జి.ఎ. కోహెన్ 2009లో వచ్చిన 'వై నాట్ సోషలిజం?' అనే చిన్న పుస్తకాన్ని క్యాంపింగ్ యాత్రతోనే మొదలుపెడతాడు. స్నేహితులు కలిసి వెళ్తారు. గిన్నెలు, బంతులు, పేకముక్కలు ఎవరు తెచ్చినా అందరివీ. పనులు పంచుకుంటారు. అక్కడ ఎవరూ లెక్కలు కట్టరు, బేరాలాడరు. అలా బతకడం మనకు సహజంగానే నచ్చుతుంది కదా అంటాడాయన. నచ్చుతుంది, నిజమే. కానీ ఆ గుడారం వేసిన నేల ఎవరిది? దానికి రుసుము ఎంత? పక్క గుడారంలో ఎవరున్నారు? స్నేహితుల మధ్య సమానత్వం ఊహించడం తేలిక. అపరిచితులకు నేలను పంచేటప్పుడే అసలు పరీక్ష.

కారవాన్లకు పేరుపడ్డ బ్రిటన్ లో ఈ పంపకం చాలా స్పష్టంగా ఉంటుంది. సైకిళ్ల మీద గుడారాలు కట్టుకుని తిరిగేవాళ్లు 1901లో ఒక సంఘం పెట్టుకున్నారు. కారవాన్ల వాళ్లు 1907లో తమ క్లబ్బు పెట్టుకున్నారు. ఈనాటికీ గుడారాలను అసలు రానివ్వని స్థలాలు అక్కడ ఉన్నాయి. రానిచ్చిన చోట కూడా చాలాసార్లు బండికి గట్టినేల, కరెంటు, నీటి కొళాయి దొరుకుతాయి. గుడారానికి మిగిలిన గడ్డి దొరుకుతుంది.

మన దగ్గర ఇది ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. కేరళ 2021లో కారవాన్ టూరిజం విధానం తెచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ కూడా తెచ్చింది. లంబసింగి చలికీ, వంజంగి మేఘాలకీ వెళ్లేవాళ్లు కొన్నేళ్లుగా అద్దె టెంట్లలోనే పడుకుంటున్నారు. ఇక పడకలు, వంటగది, స్నానాలగది ఉన్న బండ్లు కూడా అక్కడికి చేరతాయి.

కిందటి శీతాకాలం నలుగురు స్నేహితురాళ్లం మన్యంలో ఒక క్యాంపుకి వెళ్లాం. గేటు పక్కన చదును చేసిన జాగాలో రెండు పెద్ద బండ్లు నిలిపి ఉన్నాయి. వాటి వెనకే కొళాయి, దీపాలు, మరుగుదొడ్లు. మా టెంట్లు వాలు కింద, తుప్పల అవతల. సాయంత్రం ఆరు దాటాక మేం నలుగురం నీళ్లు తాగడం మానేశాం. ఒకరితో ఒకరం అనుకోలేదు, అయినా నలుగురమూ మానేశాం. మా అమ్మలూ అమ్మమ్మలూ చీకటి పడేదాకా బిగబట్టుకుని బతికిన ఊళ్ల నుంచే వచ్చాం కాబట్టి ఆ విద్య మాకెవరూ నేర్పక్కర్లేదు. మాలో ఒకామెకు నెలసరి. అర్ధరాత్రి టార్చి పట్టుకుని ఇద్దరు తోడు వెళ్లాల్సి వచ్చింది. మరుగుదొడ్డికి ఆనుకుని నిలిపిన బండ్లలో మాత్రం ఎవరి మరుగుదొడ్డి వాళ్లకుంది.

పొద్దున్న నిర్వాహకుణ్ణి అడిగితే, "మేడమ్, బండికి కరెంటు ప్లగ్గు కావాలి కదా, వానొస్తే చక్రాలు దిగబడిపోతాయి కదా" అన్నాడు. అబద్ధం కాదు. బరువైన బండికి గట్టినేల కావాలి. కరెంటు ఎక్కడుంటే నీటి మోటారు అక్కడే, మోటారు ఎక్కడుంటే మరుగుదొడ్డి అక్కడే. ఆయనకు మా మీద ఏ కోపమూ లేదు. నన్ను ఆలోచింపజేసింది ఇదే. ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే, ఒక్కో అడుగూ సబబుగానే వేస్తూ వేస్తూ, అవసరం లేనివాళ్లకు మరుగు దగ్గరైంది, ఉన్నవాళ్లకు దూరమైంది. అన్యాయానికి దురుద్దేశం ఉండి తీరాలని లేదు. వైరు ఎటు లాగామన్నది చాలు.

వాళ్లు ఎక్కువ డబ్బు కట్టారు కదా అనవచ్చు. కట్టారు. ఎక్కువ చోటుకీ, కరెంటుకీ కట్టారు. భయం లేకుండా మూత్రానికి వెళ్లిరావడాన్ని కూడా అదే బిల్లులో కలిపితే దాన్ని సౌకర్యంగా లెక్కకట్టినట్టే. అమర్త్యసేన్ 1979లో ఇచ్చిన ఉపన్యాసంలో 'దేనిలో సమానత్వం?' అని అడిగాడు. వస్తువులు సమానంగా పంచినా, వాటితో మనుషులు ఏం చేయగలరన్నది సమానం కాకపోవచ్చునన్నాడు. వాలు కింద టెంటు మగవాళ్లకూ అదే టెంటు. కానీ తుప్ప పక్కన నిలబడగలిగే శరీరానికీ, నిలబడలేని శరీరానికీ ఆ యాభై అడుగులు ఒకే దూరం కాదు. టెంటుకి జిప్పు ఉంటుంది, తాళం ఉండదు. వర్జీనియా వూల్ఫ్ 1929లో స్త్రీ రాయాలంటే తనదైన గది, దానికి తాళం కావాలంది. నిద్రపోవడానికి కూడా ఆ తాళం కావాలేమో.

కొందరు కావాలనే బండ్లకు దూరంగా, దీపాల్లేని చోట, నక్షత్రాలు చూస్తూ పడుకుంటారన్నది కూడా నిజమే. చీకటిని కోరుకునే హక్కు నాకూ కావాలి. కోరుకున్న చీకటి వేరు, మిగిల్చిన చీకటి వేరు.

ఇక్కడే ఆగిపోతే ఇది సెలవులకు వెళ్లగలిగిన ఆడవాళ్ల ఫిర్యాదుగానే మిగులుతుంది. మా తగరపువలసలో జాతీయ రహదారి గోస్తనీ నదిని దాటిపోతుంది. అలాంటి రోడ్ల పక్కన కర్రలకు పట్టాలు కట్టుకుని దిగే సంచారజాతులను మనందరం చూసేవుంటాం. మనం వేసుకుంటే అది టెంటు, వాళ్లు వేసుకుంటే ఆక్రమణ. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ పాకింది. మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో ఎరుకల, కొరవల చరిత్ర చెప్పింది. గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకుని బతికిన మనుషులు వాళ్లు. రైళ్లూ, ఉప్పు మీద సర్కారు విధానాలూ ఆ బతుకు తీసేశాయి. ఆ తర్వాత వాళ్ల తిరుగుడే నేరమైంది. స్టూవర్టుపురంలాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. అనుమానం రద్దు కాలేదు.

బండి ఉంటే గౌరవం వస్తుందా అంటే, అదీ లేదు. కారవాన్లను అంత ముద్దుచేసే ఇంగ్లండులోనే జిప్సీల కారవాన్లకు వేరే న్యాయం. అనుమతి లేని చోట బండితో దిగి, వెళ్లమన్నా వెళ్లకపోతే కొన్ని పరిస్థితుల్లో అది నేరమని 2022 చట్టం అంది. అందులో కొంత భాగం జిప్సీల హక్కులకు విరుద్ధమని 2024లో అక్కడి హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది అమెరికా సుప్రీంకోర్టు ఇల్లు లేనివాళ్లు బయట పడుకుంటే శిక్షించే ఊరి చట్టాలను సమర్థించింది. ఆ చట్టాలు వాడిన మాట 'క్యాంపింగ్'. అంటే తూకం వేసేది గుడారాన్నో బండినో కాదు. వెనక్కి వెళ్లడానికి ఇల్లున్న మనిషా, కాదా అన్నదాన్ని.

భీమిలి దారిలో తొట్లకొండ ఉంది. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల ఆ పేరు. తిరిగే భిక్షువులు వానాకాలంలో మూడు నెలలు ఒకచోట ఆగడానికి కట్టుకున్న ఆరామాల్లో అదొకటి. వరసగా చిన్న గదులు, అందరికీ తొట్ల నీళ్లు. ఇల్లు వదిలినవాళ్లకు మరుగు ఇవ్వడం సమాజం బాధ్యత అనుకున్న కాలపు గుర్తు అది. కానీ ఆ వినయమే భిక్షుణులను అడవిలో ఒంటరిగా నివసించవద్దంది. కారణం, వాళ్లపై జరిగిన దాడులు. దాడి చేసినవాడి అడవి వాడికే ఉంది, ఆమె అడవి పోయింది. రక్షణ పేరిట ఆడవాళ్లకు జాగా కుదించడం మనం ఈనాడు కనిపెట్టింది కాదు. అందుకే 'ఆడవాళ్లు టెంట్లలో ఎందుకు, రిసార్టుకి వెళ్లొచ్చుగా' అన్న సలహా నాకు కొత్తగా అనిపించదు.

కొండల మీదా సముద్రం ఒడ్డునా ఇప్పుడు కొత్తగా గీతలు గీస్తున్నారు. కారవాన్ పార్కులు వద్దని నేననను. ముసలివాళ్లు, నడవలేనివాళ్లు, పసిపిల్లల తల్లులు ఆ బండ్ల వల్లనే అడవి చూడగలుగుతారు. అడిగేది ఒకటే. ఏ నక్షా అయినా గేటు నుంచి కాకుండా, తనదంటూ ఏ మరుగూ లేని మనిషి నుంచి మొదలవ్వాలి. మొదటి దీపం, మొదటి కొళాయి, మొదటి మరుగుదొడ్డి ఆమెకు దగ్గరగా పెట్టాక వైరును బండి దాకా లాగవచ్చు, అది కష్టమేం కాదు. ఆ 'ఆమె'లో సెలవు పెట్టి వచ్చిన నాతోపాటు రోడ్డు పక్క పట్టా కింద పిల్లను పడుకోబెట్టుకున్నామెను కూడా లెక్కవేయగలమా? వేయలేకపోతే మనం అడుగుతున్నది సమానత్వం కాదు, ఇంకాస్త మంచి టెంటు.