గట్టెక్కించిన పడవను ఏం చేయాలి?

నాన్న నడిపిన చెక్క పడవ పనికిరాకుండా పోయాక దానికి చిన్న నమూనా చేయాలనుకున్న కొడుకు గానీ కూతురు గానీ మొదట చేతిలోకి తీసుకునేది ఉలి కాదు, కొలతల టేపు. పడవను ఒడ్డున కదలకుండా నిలిపి, రసమట్టంతో సరిచూసి, ముక్కు నుంచి వెనుక కొస దాకా సమానమైన ఎడంతో గుర్తులు పెట్టుకుంటారు. ప్రతి గుర్తు దగ్గరా తూకపు గుండు వేలాడదీసి, మధ్యగీత నుంచి పలక అంచు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉందో రాసుకుంటారు. ఒక్క పక్క కొలిస్తే చాలదు. పాత పడవకు రెండు పక్కలూ ఒకేలా ఉండవు. ఎండ తగిలిన వైపు పలకలు ముడుచుకుంటాయి, రేవు గోడకు రాసుకున్న వైపు అరుగుతాయి. ఆ అంకెలన్నీ పట్టికలోకి ఎక్కేసరికి ఒక ప్రశ్న ఎదురొస్తుంది. ఏ పడవను చేయాలి? వడ్రంగి నీళ్ళలోకి దించిన రోజున ఉన్నదాన్నా, నాన్న చేతిలో ఏళ్ళ తరబడి నలిగి అతుకులు పడ్డదాన్నా?

స్టాక్‌హోమ్‌లోని వాసా మ్యూజియంలో ఈ ప్రశ్న కళ్ళెదుటే నిలబడి ఉంటుంది. వాసా యుద్ధనౌక 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే, దాదాపు 1,300 మీటర్లు పోయి మునిగిపోయింది. 333 ఏళ్ళు నీటి అడుగున ఉండి 1961లో పైకొచ్చింది. ఇప్పుడు ఆ హాలులో ఉన్న అసలు ఓడ నల్లబడిన గోధుమరంగు కొయ్య. అదే హాలులో దానికి పదో వంతు నమూనా ఉంది. దానికి తెరచాపలున్నాయి, చెక్కడపు బొమ్మలకు మెరిసే రంగులున్నాయి. పాత కొయ్య మీద మిగిలిన రంగు ఆనవాళ్ళను పరీక్షించి వేసిన రంగులవి. అసలు ఓడ తాను బయలుదేరిన రోజున ఎలా ఉండేదో తానే చూపలేదు. నమూనా చూపగలిగేది ఆ ఒక్క రోజునే. ఆ తర్వాత ఓడకు జరిగినదేదీ దానికి తెలియదు. నాన్న పడవకు నమూనా చేసేవాళ్ళు కూడా ఇలాగే ఒక రోజును ఎంచుకోక తప్పదు. ఎంచుకోవడమంటే మిగిలిన రోజులను వదులుకోవడం.

తాత్వికులు ఈ చిక్కును మరో వైపు నుంచి తవ్వారు. గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన థీసియస్ అనే వీరుడి చరిత్రలో అతని ముప్ఫై తెడ్ల ఓడ ఒకటుంది. ఏథెన్సువాళ్ళు దాన్ని తరతరాలుగా కాపాడుకుంటూ, పుచ్చిన పలక తీసి గట్టి పలక వేస్తూ పోయారు. అది ఆ ఓడేనని కొందరు, కాదని కొందరు వాదించుకున్నారు. 1655లో ఇంగ్లండు తాత్వికుడు హాబ్స్ దానికి ఇంకో ముడి వేశాడు. తీసేసిన పాత పలకలన్నీ ఎవరైనా దాచి, అదే వరసలో మళ్ళీ బిగిస్తే ఆ రెంటిలో థీసియస్ ఓడ ఏది? మన దగ్గర ఈ చర్చ రథం మీద నడిచింది. మిళిందపన్హా అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు యవన రాజు మిళిందుణ్ణి అడుగుతాడు, రథమంటే నొగా, ఇరుసా, చక్రాలా అని. విడివిడిగా ఏదీ కాదు, అన్నీ కూడినప్పుడు వాడుకలో చెల్లే పేరు మాత్రమే రథం అని తేలుతుంది. వైశేషిక దర్శనం వాళ్ళు దీనికి ఒప్పుకోరు. భాగాలకు వేరుగా అవయవి, అంటే ఆ భాగాలు కూడిన మొత్తం వస్తువు, నిజంగానే ఉందంటారు. అయితే భాగాల్లో మార్పు వస్తే పాత అవయవి నశించి కొత్తది పుడుతుందని చెప్పిందీ వాళ్ళే. ఆ లెక్కన నాన్న పడవకు పలక మార్చిన ప్రతిసారీ కొత్త పడవే నీళ్ళలోకి దిగింది.

నమూనా ఈ తగువులోకి రాదు. ఆ పడవను నేనే అని అది చెప్పుకోదు. అసలు పడవ ఉండబట్టి ఇది పుట్టింది, అంతే. బిడ్డకు తండ్రితో ఉండే సంబంధమూ ఇలాంటిదే. పోలిక ఉంటుంది, పుట్టుక ఉంటుంది, ఒకరి స్థానంలోకి మరొకరు రావడం మాత్రం ఉండదు.

పదో వంతు అనడం తేలిక. ఎనిమిది మీటర్ల పడవ 80 సెంటీమీటర్లకు వస్తుంది. పైవైశాల్యం నూరో వంతు, ఘనపరిమాణం వెయ్యో వంతు అవుతాయి. రెండు టన్నుల పడవ రెండు కిలోలు తూగుతుంది. రెండున్నర సెంటీమీటర్ల పలక రెండున్నర మిల్లీమీటర్లకు దిగుతుంది. కానీ టేకులోని చారలూ సన్నటి రంధ్రాలూ పదో వంతుకు తగ్గవు. అసలు పడవకు వాడిన టేకునే నమూనాకూ వాడితే ఆ చారలు పది రెట్లు మోటుగా కనిపిస్తాయి. అందుకే చేయి తిరిగినవాళ్ళు బేరి చెక్క, బాక్స్‌వుడ్ వంటి సన్న నార కొయ్యలను వెతుక్కుంటారు. నాన్న పడవ నుంచి ఊడదీసిన పలకనే కోసి నమూనా చేద్దామని ఆశపడేవాళ్ళకు ఈ మెలిక గట్టిగా తగులుతుంది. ఆ కొయ్యనే పట్టుకుంటే రూపం చెడుతుంది. రూపం దక్కాలంటే ఆ కొయ్యను వదులుకోవాలి. రెండింట్లో దేన్ని నాన్న పడవ అనుకుంటున్నామో అక్కడ తేల్చుకోవలసిందే.

నీళ్ళు అసలే మాట వినవు. ఇంగ్లండులో విలియం ఫ్రౌడ్ అనే ఇంజనీరు 1870ల మొదట్లో టార్కీ పట్టణంలో పొడవాటి నీటి తొట్టె కట్టించి, మైనంతో చేసిన ఓడ నమూనాలను అందులో లాగించి చూశాడు. పొడవు తగ్గిన నిష్పత్తికి వర్గమూలం ప్రకారం వేగాన్ని తగ్గించాలని తేల్చాడు. పాతికో వంతు నమూనాను ఐదో వంతు వేగంతో లాగితేనే దాని చుట్టూ లేచే అలలు పెద్ద ఓడ అలల ఆకారంలో ఉంటాయి. అప్పటికీ నీటి రాపిడి ఆ సూత్రానికి లొంగలేదు. దాన్ని ఆయన విడిగా లెక్కకట్టవలసి వచ్చింది. అదే సూత్రం వల్ల, పదో వంతు నమూనాను చెరువులో వదిలితే అది అసలు పడవ కన్నా మూడు రెట్లకు పైగా వడిగా ఊగుతుంది. నాన్న కాళ్ళు ఎడంగా పెట్టి చుక్కాని పట్టుకుని నిలబడినప్పటి ఆ నిదానమైన ఊపు ఏ నమూనాలోకీ రాదు.

మరి దక్కేదేమిటి? పడవ ఎలా కట్టారన్న తెలివిడి దక్కుతుంది. 1954లో గీజా మహా పిరమిడ్ పక్కన రాతి దిమ్మెల కింద ఈజిప్టు రాజు ఖూఫూ పడవ బయటపడింది. సుమారు 4,500 ఏళ్ళ కిందటి ఆ పడవ 1,224 ముక్కలుగా విప్పి పేర్చి ఉంది. దాన్ని బిగించే పని అహ్మద్ యూసుఫ్ ముస్తఫా అనే సంరక్షణ నిపుణుడి మీద పడింది. పడవలు కట్టడం ఆయన వృత్తి కాదు. నైలు ఒడ్డున చెక్క పడవలు చేసే పనివాళ్ళ దగ్గరికి వెళ్ళి చూసి నేర్చుకున్నాడు. ముక్కలకు చిన్న నమూనాలు చేసుకుని కూర్చి చూశాడు. ఆ చిన్న పని చేతికి నేర్పిన వరసతోనే 43 మీటర్ల పైచిలుకు దేవదారు పడవ మళ్ళీ నిలబడింది. దాని పలకలను కలిపి ఉంచేది తాళ్ళ కుట్టు. కోరమండల్ తీరపు అలలను తట్టుకోవడానికి కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టిన మసూలా పడవల గురించి తెలిసినవాళ్ళకు ఆ పద్ధతి పరాయిదిగా అనిపించదు.

తల్లిదండ్రుల పడవ విషయంలోనూ చేతులే ముందు తెలుసుకుంటాయి. కూర్చునే అడ్డపలక అంత కిందికి ఎందుకుంది? తెడ్డు కట్టే మేకు ఒక వైపే ఎందుకంత అరిగింది? ఏ పలక తర్వాత ఏ పలక పెడితే ముక్కు దగ్గర ఆ వంపు కుదురుతుంది? నాన్న బతికుండగా అడగనివన్నీ చిన్న పడవ బిగించేటప్పుడు ఒకటొకటిగా ఎదురవుతాయి. పితృకార్యంలో దర్భతో చేసిన కూర్చలోకి పెద్దలను ఆవాహన చేస్తారు. దర్భకు తాతతో పోలిక అక్కర్లేదు. కార్యానికి కావలసింది పోలిక కాదు, భక్తి. అలాంటప్పుడు నమూనాలో మిల్లీమీటరు కోసం అంత పట్టుదల దేనికి? ఒక మనిషి ప్రపంచంతో ఎలా వ్యవహరించాడో తెలుసుకోవడానికి అతని పనిముట్టును మించిన సాక్ష్యం అరుదు కాబట్టి. ఆ కొలతల మీద పెట్టే శ్రద్ధ కూడా భక్తిలో భాగమే.

ఇక్కడే బుద్ధుడి మాట అడ్డు నిలుస్తుంది. మజ్ఝిమ నికాయంలోని అలగద్దూపమ సుత్తంలో, శ్రావస్తి జేతవనంలో ఉన్నప్పుడు భిక్షువులకు ఆయన ఒక బాటసారి కథ చెబుతాడు. ఈవలి గట్టున భయం, ఆవలి గట్టున క్షేమం. వంతెన లేదు, పడవ లేదు. గడ్డీ కర్రా కొమ్మా ఆకూ కూడగట్టి తెప్ప కట్టుకుని, చేతులూ కాళ్ళూ ఆడిస్తూ అతను దాటాడు. ఇంత మేలు చేసిన తెప్పను వదలడమెలా అని దాన్ని నెత్తిన పెట్టుకుని నడిచిపోతే, అతను చేయవలసిన పని చేసినట్టేనా? కాదంటారు భిక్షువులు. ధర్మం కూడా ఆ తెప్పలాంటిదే, దాటడానికే గానీ పట్టుకు వేలాడడానికి కాదని ఆయన అభిప్రాయం. ధర్మమంతటిదానికే ఈ మాట వర్తించినప్పుడు నాన్న పడవ ఏపాటి?

పడవను దాచుకోవాలా వదలాలా అన్నదానికి లోకంలో మతాలు, ఆచారాలు ఒకే జవాబు ఇవ్వలేదు. డెన్మార్క్ చర్చిల్లో, మార్సెయ్‌లోని నోత్ర్ దామ్ ద లా గార్ద్ చర్చిలో పైకప్పు నుంచి ఓడ నమూనాలు వేలాడుతుంటాయి. సముద్రం మీద బతుకుతెరువు ఉన్నవాళ్ళు మొక్కుగా, కృతజ్ఞతగా సమర్పించుకున్నవి. వాటిని దాచుకుంటారు. కాటలోనియా నుంచి వచ్చిన 15వ శతాబ్దపు మతారో నమూనా ఇలాంటి మొక్కుబడి ఓడే. ఇప్పుడది రోటర్‌డామ్ సముద్ర మ్యూజియంలో ఉంది. అసలు ఓడ కట్టే పద్ధతిలోనే దాన్ని కట్టడం వల్ల, ఆ కాలపు ఓడల నిర్మాణం గురించి చరిత్రకారులు దాని దగ్గరే ఎంతో నేర్చుకున్నారు. నాగసాకిలో దారి వేరు. ఆ ఏడాది ఇంట్లో మనిషి పోతే ఆగస్టు 15న ఆ ఆత్మ కోసం పడవ కట్టి, టపాకాయల మోతతో వీధుల వెంట తీసుకెళ్తారు. ఒకప్పుడు సముద్రంలోకి వదిలేవారు, ఇప్పుడు ఊరేగింపు చివర విప్పేస్తారు. ఒడిశాలో కార్తీక పున్నమి నాడు, సముద్రం దాటి వ్యాపారానికి వెళ్ళిన పూర్వీకుల తలపుగా చిన్న పడవలు నీటిలో వదులుతారు. మన రేవుల్లో పోలి పాడ్యమి తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు పెట్టి సాగనంపుతారు. వీటిలో ఏదీ ఇంటికి తిరిగి రాదు.

దాచడానికీ వదలడానికీ మధ్య ఇంత ఎడం ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, బుద్ధుడు చెప్పిన కథను చివరిదాకా చదివితే అది తగ్గుతుంది. తెప్పను ఏం చేస్తే సరైన పని అవుతుందో అక్కడే ఉంది. అతను దాన్ని పొడినేల మీదికి లాగి పెట్టవచ్చు, లేదా నీళ్ళలో తేలిపోనివ్వవచ్చు. రెండూ ఒప్పే. తగులబెట్టమని గానీ, మరిచిపొమ్మని గానీ అక్కడ లేదు. అది తనకు మేలు చేసిందన్న తలపు కూడా అతని మనసులో అలాగే ఉంటుంది. తప్పల్లా నెత్తిన మోయడమే. పితృభక్తి పేరుతో నెత్తిన మోయడం ఎలా ఉంటుందో తీరప్రాంతాల్లో తెలియనిది కాదు. కుళ్ళుతున్న పడవకు ఏటేటా అప్పు తెచ్చి మరమ్మతులు చేయించడం, ఇష్టం లేని పిల్లవాణ్ణి నాన్న వృత్తి కాబట్టి అందులోనే ఉండమనడం, పడవ అమ్మిన అన్నతో మాటలు మానేయడం, ఇవన్నీ మోతలే. నమూనా చేయడం పడవను పొడినేల మీదికి చేర్చడం లాంటిది. తెలుసుకోవలసింది తెలుసుకున్నాక అసలు కొయ్యను ఎవరైనా దూలానికో పొయ్యికో పట్టుకుపోయినా మనసు విరగదు.

మన తీరంలో ఈ పని వాయిదా వేయదగ్గది కాదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత కోరమండల్ తీరంలో ఫైబర్ పడవలు విపరీతంగా పెరిగాయి. తేలిక, మరమ్మతు తక్కువ, మత్స్యకారులు వాటిని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. చెక్క పడవలు మాత్రం చాలావరకు కాగితం మీద గీతలు లేకుండా, కంటి అంచనాతోనూ తండ్రుల దగ్గర నేర్చుకున్న కొలతలతోనూ తయారైనవి. వాటిలో చాలావాటికి బిడ్డ తీసిన కొలతల పట్టికే మొట్టమొదటి డ్రాయింగు అవుతుంది. కాబట్టి పలకల మందం, మేకుల ఎడం, సందుల్లో కూరిన పీచు, అతుకు వేసిన చోట్లు అన్నీ రాసుకోవాలి. ఏ భాగాన్ని ఆ ఊళ్ళో ఏమంటారో పెద్దవాళ్ళను అడిగి పక్కనే రాయాలి. పడవ కట్టిన వడ్రంగి ఉంటే నమూనాను సగంలోనే తీసుకెళ్ళి చూపించాలి. పూర్తయినదాన్ని చూస్తే మర్యాదకు బాగుందంటాడు, సగం బిగించినదాన్ని చూస్తే ఏ పలక ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చెబుతాడు. ఆ దిద్దుబాట్లు పట్టికలోకి ఎక్కాక పని మళ్ళీ మొదలుపెట్టవచ్చు.