తెలిసిన పనికి మళ్ళీ పరీక్ష

వదిన మళ్ళీ లారీ ఎక్కుతానంది.

మా పెద్దమ్మ కొడుకూ ఆమే కలిసి ఒకే లారీ మీద బతికారు. విజయవాడ ఆటోనగర్లో లోడు ఎక్కించుకుని, 2010 నుంచి 2017 దాకా రాత్రి అన్నయ్య తోలితే పగలు వదిన తోలేది. 2017లో పెద్దమ్మకి పక్షవాతం వచ్చింది. దిగమని వదినతో ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. 2019లో ఆమె హెవీ లైసెన్సు గడువు ముగిసిన రోజున ఆమె పెద్దమ్మ మంచం దగ్గర ఉంది. పెద్దమ్మ పోయాక, పిల్లలు కాలేజీలకు వెళ్ళాక, పాత లైసెన్సు కార్డు బీరువాలోంచి తీసింది.

2019 సవరణ చట్టం ప్రకారం గడువు ముగిసి ఏడాది దాటితే రెన్యువల్ కోసం మళ్ళీ డ్రైవింగు పరీక్ష ఇవ్వాలి. డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. బ్రేకు ఇనస్పెక్టరు ముందు బండి తోలి చూపించాలి. ఈ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఏడేళ్ళు ఘాట్ రోడ్లలో లోడు దింపిన మనిషికి తోలడం వచ్చో రాదో ఇంకొకరు చెప్పాలా?

నా మంటకి నా సొంత కారణమూ ఉంది. స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్‌డి చేశాను. పాప పుట్టాక నాలుగేళ్ళు ఉద్యోగం మానేశాను. మళ్ళీ ఒక కాలేజీకి వెళితే డెమో క్లాసు చెప్పమన్నారు. అవమానమనిపించి లేచి వచ్చేశాను. ఆడవాళ్ళ జీవితంలో విరామం వస్తే అది మరుపుగానే లెక్కకి వస్తుందని అప్పట్లో కోపంగా ఒక వ్యాసం కూడా రాశాను.

వదినకి ఆ కోపం అర్థం కాలేదు. "రోడ్డు మీద నేనొక్కదాన్నే ఉంటానా అమ్మాయ్?" అంది.

ఆదివారం తెల్లవారుజామున తెలిసినవాళ్ళ లారీ యార్డులో ప్రాక్టీసు. క్లీనరు పని నాది. ముందు టైర్లన్నిటినీ రాడ్డుతో తట్టి చప్పుడు విన్నది. ఇంజను స్టార్టు చేసి, బ్రేకులకు గాలి నిండేదాకా మీటరు చూస్తూ కూర్చుంది. గేర్లు ఆమె చేతికి ఇట్టే దొరికాయి. నేను లోలోపల గెలిచినట్టే అనుకున్నాను. తర్వాత రివర్సు. ఎడమ వైపు నిలబడి "రానీ, రానీ" అంటున్నాను. బండి తోక తిరిగింది. "ఆపు" అని నేను అరిచేలోపు వెనక ఉన్న డ్రమ్ము వంగిపోయింది. నాకూ డ్రమ్ముకీ మధ్య రెండడుగులు.

వదిన దిగొచ్చింది. చేతులు వణుకుతున్నాయి. "అద్దంలో నువ్వు లేవు. ఇదివరకు అద్దంలో లేనిదాన్ని కూడా లెక్కలో పెట్టుకునేదాన్ని" అంది. పరీక్ష తేదీ తనంతట తనే నెల వెనక్కి జరుపుకుంది.

అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. నైపుణ్యం మన ఆస్తి అనుకుంటాం, ఒకసారి సంపాదిస్తే పోనిదని. కానీ లారీ మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారినే రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అక్కడ సైకిలు మీద ఒక పిల్లాడు ఉండొచ్చు. వదిన ఏడేళ్ళ అనుభవం వాడికి ఏ హామీ ఇవ్వదు. వాడికి కావలసింది ఈ రోజు ఆమె చూపు. ఆ పరీక్ష వదిన మీద అనుమానం కాదు, వాడి పట్ల బాధ్యత అని ఒప్పుకోక తప్పలేదు.

అయితే అన్ని పరీక్షలూ ఒకటి కావు. అదే వారంలో వదిన ఒక లారీ యజమానిని కలిసింది. ఆయన గేరు గురించి అడగలేదు, బ్రేకు గురించి అడగలేదు. రాత్రి పూట తోడెవరు, ఇంట్లో వంట ఎవరు చేస్తారు, మీ ఆయన ఒప్పుకున్నాడా అని అడిగాడు. ఈ ప్రశ్నలకి ప్రాక్టీసు చేసి నెగ్గడం కుదరదు. ఇవి ఆమె చేసే పనిని అడగవు, ఆమె ఎవరో అడుగుతాయి. మగ డ్రైవరుని ఎవరూ ఇవి అడగరు. న్యాయమైన పరీక్షకి నాకు తోచిన గుర్తులు రెండే: అందరినీ అడగాలి, నేర్చుకుంటే నెగ్గేలా ఉండాలి.

భోపాల్ యోగితా రఘువంశీ న్యాయశాస్త్రం చదివి లారీ డ్రైవరైంది. మన సరిత 2015లో ఢిల్లీ ఆర్టీసీ బస్సు తోలి, 2025లో తెలంగాణ ఆర్టీసీలో తొలి మహిళా డ్రైవరుగా వచ్చింది. వాళ్ళని పొగిడేటప్పుడు మనం ధైర్యం గురించే మాట్లాడతాం. ధైర్యం మాట పక్కన పెట్టి, వాళ్ళ పని తీరు గురించి మాట్లాడుకునే రోజు రావాలి.

ఇంకో ముడి మిగిలే ఉంది. నియమం అందరికీ ఒకటే, కానీ విరామం అందరికీ ఒకేలా రాదు. అన్నయ్య లైసెన్సు ఒక్కసారీ గడువు దాటలేదు. దాటకపోవడానికి కారణం వదిన ఇంట్లో ఉండటం. పెద్దమ్మని ఎత్తి కూర్చోబెట్టిన చేతులకి ఏ పరీక్షా లేదు, ఏ కార్డూ లేదు. ఆ చాకిరీకి బదులుగా బ్రేకు ఇనస్పెక్టరు రివర్సులో నాలుగు మార్కులు ఎక్కువ వెయ్యాలా? వద్దు. డ్రమ్ము దగ్గర నిలబడ్డదాన్ని కనుక గట్టిగా చెబుతున్నాను. ఆ బాకీ తీర్చాల్సింది రోడ్డు మీది పిల్లాడు కాదు. ప్రాక్టీసుకి లారీ ఎవరిస్తారు, డీజిలు ఎవరు పోస్తారు, ఆ నెల రోజులు ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? బాకీ అక్కడ తీరాలి. ఈ మాటే అన్నయ్యతో అన్నాను. మొదట నవ్వాడు. మరుసటి ఆదివారం డీజిలు డబ్బా పట్టుకుని యార్డుకొచ్చాడు. డ్రమ్ము పక్కన నా బదులు తనే నిలబడ్డాడు.

ఆ రాత్రి నా పాత లెక్చరు నోట్సు తీసి చూశాను. నాలుగేళ్ళలో వచ్చిన కథలు, చర్చలు వాటిలో ఒక్కటీ లేవు. నేను లేచి వచ్చేసిన ఆ గదిలో బెంచీల మీద కూర్చోబోయే పిల్లలు నా అద్దంలో లేరు. మళ్ళీ దరఖాస్తు పెట్టాను. డెమో క్లాసు పదిహేనో తారీఖున. వదిన పరీక్ష అంతకు రెండు రోజుల ముందు. నెగ్గుతుందో లేదో ఇద్దరికీ తెలియదు. తెలియకపోవడం ఇప్పుడు నాకు అవమానంగా లేదు. భయంగా మాత్రం ఉంది.