సేవకుని శ్రమకూ హక్కుంది

2022 జూలైలో గోదావరి పొంగి కోనసీమ లంక గ్రామాలు నీట మునిగాయి. అన్నం, మంచినీళ్లు పడవలపై తెచ్చినవారిని మనమంతా దీవించాం. నీరు తీశాక వారికీ ఇల్లు గడవాలన్న సంగతి మరిచాం. పుణ్యం వస్తుంది కదా, ఇక జీతమెందుకని అంటున్నాం.

దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో అల్లాహ్ జకాత్‌కు ఎనిమిది పద్దులు నిర్ణయించాడు. నిరుపేదలు, అగత్యపరుల తర్వాత మూడో స్థానం జకాత్ వ్యవహారాలు చూసే సిబ్బందిదే. ఆ వాటా వారికే ప్రత్యేకం, సంఘసేవకులందరికీ వర్తించదు. అయితే అందులోని పాఠం మనందరికీ: దైవప్రీతి కోసం చేసే పనికైనా వేతనం తీసుకోవడం తప్పు కాదు.

కనుక వితంతువు పింఛను కోసం, అనాథ చదువు కోసం తిరిగే కార్యకర్తకు జకాతేతర విరాళాల నుంచి దారిఖర్చులు, వేతనం సమకూరుద్దాం. అతను అలసి ఆగిపోతే నష్టపోయేది ఆ వితంతువే, ఆ అనాథే. అల్లాహ్ మనకు సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.